మామిడికాయల్లా ఏరిన ప్లగ్గులు

మామిడికాయను తొడిమ దగ్గర ఒక్కసారి చూస్తే అది ఏ తోటలో కాసిందో చెప్పగలనని నేనెరిగిన ఒక షావుకారు అనేవాడు. ఆయన చెప్పాక కాదనే ధైర్యం చుట్టుపక్కల ఎవరికీ లేదు గనుక, నాకు తెలిసి ఆయన ఎన్నడూ తప్పు చెప్పలేదు.

స్వాతంత్య్రం వచ్చిన మరుసటి వేసవి సంగతి ఇది. నేను నూజివీడు నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. నా కవరు బెజవాడ బండికి అందాలంటే హనుమాన్ జంక్షన్ దగ్గర రైల్వేస్టేషనుకు చేరాలి. బస్సు ఎప్పుడొస్తుందో బస్సువాడికే తెలియదు. అందుకని ముసునూరు రోడ్డులో షావుకారు గుత్తకు తీసుకున్న తోటకు వెళ్ళి, కాయల లారీలో డ్రైవరు పక్కన కూర్చుని స్టేషనుకు పోతుండేవాణ్ణి.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన లారీ అది. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. దాన్ని కొన్న నాటి నుంచి షావుకారు తాను కూడా బర్మాలో కొంత యుద్ధం చేసి వచ్చినట్టే మాట్లాడేవాడు. ఇంజిను గురించి ఆయనకు తెలిసింది బానెట్టు ఎటు తెరుచుకుంటుందో అంతే. డ్రైవరు కూడా తక్కువవాడు కాదు. తనంత డ్రైవరు కృష్ణా జిల్లాలోనే లేడని ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. పాపం, బాగానే నడిపేవాడు కూడా.

సీజను ముమ్మరంగా ఉండగా లారీకి జబ్బు చేసింది. పరిగెత్తుతున్నంతసేపు ఫరవాలేదు. రైల్వే గేటు దగ్గర ఆగిందంటే ఇంజిన్ వణికేది, బానెట్టు గడగడ కొట్టుకునేది, వెనక గొట్టంలోంచి నల్లటి పొగ వచ్చేది. గేటు తీసేలోపే ఇంజిన్ చచ్చిపోయేది. మళ్ళీ హ్యాండిల్ వేసి తిప్పడమే.

పెట్రోలుకు కూపన్లున్న రోజులు. షావుకారుకు తోచింది ఒక్కటే: డ్రైవరు పెట్రోలు బయట అమ్ముకుని, ట్యాంకులో కిరసనాయిలు కలుపుతున్నాడు. తోచిన మాటను కాసేపు కడుపులో ఉంచుకునే అలవాటు ఆయనకు లేదు. తాటాకు షెడ్డులో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళందరి ముందూ అనేశాడు.

"ఏరా, నా పెట్రోలు ఎవడికి పోస్తన్నావ్? ఆ పొగ చూస్తే తెలవటంలా, అచ్చం లాంతరు పొగే!"

"అయ్యగారూ, నోరుంది గదా అని ఏ మాటైనా అనబాకండి. ట్యాంకులో వేలు పెట్టి వాసన చూసుకోండి."

"నాకు వాసన చూపిస్తావంట్రా? మేస్త్రీని రానీ, నీ సంగతి తేలుస్తా."

డ్రైవరు ముఖం నల్లబడింది. దొంగ అన్న పేరు ఒకసారి పడిందంటే ఇటు ముసునూరు నుంచి అటు జి. కొండూరు దాకా ఏ యజమానీ అతని చేతికి స్టీరింగు ఇవ్వడు. ఆ సంగతి షెడ్డులో ఉన్న ఆడవాళ్ళకు కూడా తెలుసు. ఒక్కరూ తలెత్తలేదు.

బెజవాడ నుంచి, ఎప్పుడూ ఆ లారీ ఇంజిను బాగుచేసే మేస్త్రీ వచ్చాడు. ఎవరు కూలి ఇస్తే వాళ్ళ అభిప్రాయమే తన అభిప్రాయంగా పెట్టుకునే రకం. షావుకారు "కిరసనాయిలే కదూ?" అన్నాడు. "ఇంకేంటండీ మరి" అన్నాడతను. బానెట్టు ఇంకా తెరవలేదు.

ఆ తరవాత సిలిండరుకొకటి చొప్పున నిప్పురవ్వ వేసే ఆరు ప్లగ్గులూ విప్పించి, గోనెపట్టా మీద వరిగడ్డి పరిపించి, వాటిని దానిమీద వరసగా పెట్టించాడు షావుకారు. మామిడికాయలను అలాగే పరిచి ఏరిస్తాడు. మడత కుర్చీలో కూర్చుని, చేతికర్రతో చూపిస్తూ ప్లగ్గులకు రకాలు కట్టాడు. రెండు కొసల సిలిండర్లవి సున్నం కొట్టినట్టు తెల్లగా, పొడిగా ఉన్నాయి. మధ్యవి మసిపట్టి నల్లగా ఉన్నాయి.

"ఇయ్యి మేలురకం. ఇయ్యి కుళ్ళు. మేలువి మధ్యలో పెట్టండి, కుళ్ళువి తోమి కొసలకి తొయ్యండి."

గంపలో పైకి కనబడేచోట మంచికాయ పెట్టి, నాసికాయను అడుక్కి తొయ్యడం ఆ వ్యాపారంలో అందరికీ అలవాటే. ఇంజినుకు కూడా అలా గంప కట్టవచ్చునని అనుకున్నవాడు మాత్రం నాకు ఆయనొక్కడే కనిపించాడు. సరిగ్గా మండే సిలిండరులో ప్లగ్గు కొసకు లేత కాఫీ రంగు రావాలని నేను తరవాత తెలుసుకున్నాను. తెల్లబడిందంటే దానికి పెట్రోలు చాలడం లేదు, గాలి ఎక్కువ తింటోంది. అంటే ఆయన మేలురకం అన్నవే జబ్బువి. ఈ సంగతి మేస్త్రీకి తెలియకపోదు. తెలిసీ తల ఊపాడు. అలాంటి తలకాయలను ఆ తరవాత పత్రికాఫీసుల్లో కూడా చాలా చూశాను.

ఆ రోజు లారీ స్టేషనుకు వెళ్ళివచ్చింది, ఎప్పటిలాగే వణుకుతూ. మర్నాడు మళ్ళీ ప్లగ్గులు విప్పారు. మధ్యలో పెట్టిన తెల్లవి నల్లబడ్డాయి. కొసలకు తోసిన నల్లవి తెల్లబడ్డాయి.

"చూశారా పేపరు గారూ," అన్నాడు షావుకారు నావైపు తిరిగి. "మేలైనవాటిని కూడా పాడుచేసింది కిరసనాయిలు."

"మరి నల్లవి తెల్లబడ్డాయేమండీ?" అన్నాను.

"తోమించాం గదండీ!"

నాకు ఇంజిన్ల విద్య లేదు. కానీ పంచాయతీల్లో సాక్షుల మాటలు వినీ వినీ ఒక అలవాటు అబ్బింది. డ్రైవరును పక్కకు పిలిచి అడిగాను: "ఆరు సిలిండర్లూ తాగేది ఒక్క ట్యాంకు నుంచే కదా. కిరసనాయిలు కలిస్తే ఆరూ ఒక్కలాగే చెడాలి. కొసలు ఒకలా, మధ్యవి ఒకలా ఎందుకున్నాయి?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ ముక్క నాకు తట్టలేదండీ," అన్నాడు. అతని నోట అలాంటి మాట నేను వినడం అదే మొదలు. వెంటనే సర్దుకుని, "తట్టేదేలెండి, వీళ్ళ గోల్లో పడి..." అన్నాడు.

ఇంజిన్ నడిపించి, చేతికి గోనెగుడ్డ చుట్టుకుని, ఒక్కో ప్లగ్గు తీగా పీకి చూశాడు. మధ్యవాటిలో ఏది పీకినా ఇంజిన్ కుంగిపోతోంది. కొసవి పీకితే ఉలుకూ పలుకూ లేదు. బండి ఆగి ఉన్నప్పుడు ఆ రెండు సిలిండర్లూ పని చెయ్యడం లేదన్నమాట. పెట్రోలు కలిసిన గాలిని కార్బురేటరు నుంచి ఆరింటికీ పంచే ఇనుప గొట్టం ఒకటుంటుంది. అది ఇంజినుకు అతుక్కునే చోట, కొసల దగ్గర, బయటి గాలి దూరుతోందేమోనని డ్రైవరుకు అనుమానం వచ్చింది. దాన్ని కప్పిపుచ్చడానికి మేస్త్రీ అంతకుముందే కార్బురేటరులో పెట్రోలు మర ఎక్కువ తిప్పి ఉంచాడు. అందుకే మధ్యవి మసి కక్కుతున్నాయి.

"కాస్త కిరసనాయిలు కావాలండీ," అన్నాడు డ్రైవరు. "సందులో చుక్కలు వేస్తే తెలిసిపోద్ది."

షావుకారు కుర్చీలోంచి లేచాడు. "అదుగో! ఎక్కడ దాచావో తియ్యరా బయటికి!"

"మీ షెడ్డు లాంతర్లో ఉంది, తెమ్మంటారా?"

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి, పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇంజిన్ చల్లారేదాకా ఆగి, మళ్ళీ తిప్పి, అది వేడెక్కకముందే లాంతరు కిరసనాయిలును చిన్న గుడ్డపేలికతో గొట్టం కొస దగ్గర పిండాడు. వణుకుతున్న ఇంజిన్ ఒక్క క్షణం ఊపిరి తీసుకుని నున్నగా తిరిగింది. చుక్కలు ఆరిపోగానే మళ్ళీ వణికింది. రెండో కొసన కూడా అంతే.

గొట్టం విప్పారు. దానికీ ఇంజినుకూ మధ్య గాలి దూరకుండా వేసే ప్యాకింగు స్థానంలో క్యాలెండరు అట్ట ఉంది. కొసల దగ్గర వేడికి మాడి పొడిపొడిగా రాలిపోయింది.

"ఇదెవరు పెట్టారు?" అని అడిగాను.

మేస్త్రీ తన స్పానర్లు సంచిలో సర్దుకుంటూ, "సీజను ముందర అయ్యగారే, అసలు ప్యాకింగు దండగ, దేంతోనో దాంతో కానివ్వమన్నారండీ," అన్నాడు. రెండు రోజులూ పక్కనే నిలబడి ఆ ముక్క మింగినవాడు, అట్ట బయటపడగానే కక్కాడు. ఆ మనిషిని చూస్తే నాకు షావుకారు మీద కూడా కాస్త గౌరవం కలిగింది. కనీసం ఆయన తన మూర్ఖత్వాన్ని దాచుకోలేదు.

అసలు ప్యాకింగు నూజివీడులోనే దొరికింది. దాన్ని బిగించి, మర సరిచేసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. లారీలో బంగినపల్లి గంపలు ఎక్కించి ఉన్నాయి. గూడ్సు పెట్టె స్టేషనులో ఎదురుచూస్తోంది.

"సరేలే, బండి తియ్యి," అన్నాడు షావుకారు.

డ్రైవరు హ్యాండిల్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "నేను దొంగనని అందరి ముందూ అన్నారు. కాదని కూడా అందరి ముందే అనండి."

"ఏంట్రా ఇది, కాయ ఉడికిపోతా ఉంటే?"

"ఉడకనివ్వండి."

షావుకారు అటూ ఇటూ చూశాడు. "సర్లే. ఈసారికి కిరసనాయిలు కలవలేదు."

"ఈసారికా అండీ?"

ఎండ గంపల మీద పడుతోంది. ఆయన నావైపు చూశాడు, నేను కండువాతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాను. చివరికి ఆయన లారీ వైపు తిరిగి, మనుషులెవరి ముఖమూ చూడకుండా, "ఎప్పుడూ కలపలేదు, నా పెట్రోలు నువ్వు ముట్టలేదు, చాలా?" అన్నాడు.

"అయ్యగారు ఏంటన్నారమ్మా? నాకు వినబళ్ళా," అంది షెడ్డు చివర్నుంచి ఒక ముసలావిడ.

"ముట్టలేదంటమ్మో! ఎప్పుడూ ముట్టలేదంట!" అని పక్కామె గట్టిగా చెప్పింది. అప్పటిదాకా దించిన తలలన్నీ లేచాయి.

డ్రైవరు హ్యాండిల్ వేసి ఒక్క తిప్పు తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. వణుకు లేదు, పొగ లేదు. గేటు దగ్గర కూడా ఆగిపోలేదు.

స్టేషనులో పార్సిలు గుమస్తా లారీ బాగుపడిందే అన్నాడు. లారీలోనే గంపల పక్కన కూర్చుని వచ్చిన షావుకారు, "ప్లగ్గులు చూడగానే నాకు తెలిసిపోయిందండీ, ఎక్కడో గాలి దూరతందని. కాయైనా ఇంజినైనా రంగులోనే ఉంటది కిటుకు," అని చెప్పాడు.

నేను నోరు తెరవబోయాను. డ్రైవరు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"వదిలెయ్యండి పేపరు బాబుగారూ. నాకు కావాల్సింది అనేశాడుగా."