ఊరి పేరుకు వేసిన తాళం

కరోనా తగ్గిన తర్వాతి వేసవిలో నన్ను కర్నూలులో తాగునీటి ట్యాంకర్ల వెబ్‌సైటు చూసే ప్రోగ్రామర్‌గా వేశారు. అక్కడ నేను చేసిన తప్పు ఒక ఊరికి నీళ్లు ఆపింది, ఒక మనిషికి మెమో తెచ్చింది.

ఊరి సచివాలయ ఉద్యోగి లాగిన్ అయి ఫారం పంపితే ట్యాంకరు బయలుదేరుతుంది. ఊరి పేరు గడిలో దానంతట అదే వస్తుంది. కొందరు ఆ పేరు మార్చి ట్యాంకర్లు మళ్లిస్తున్నారని, గడికి తాళం వేయమని పై అధికారి చెప్పారు. ముందు బనగానపల్లె దగ్గర ఒక్క ఊరికే పెట్టి చూడమన్నారు.

స్క్రిప్టుతో గడిని కదలకుండా చేయడానికి రెండు దారులున్నాయి. రీడ్-ఓన్లీ చేస్తే మార్చలేం, కానీ బటన్ నొక్కితే అందులోది సర్వరుకు చేరుతుంది. డిసేబుల్ చేస్తే తెరమీద కనిపిస్తుంది, సర్వరుకు పోదు. నేను రెండోది రాశాను. గడి బూడిదరంగుకు మారడం చూసి, పనైపోయిందని ఇంటికి వెళ్లాను.

నాలుగైదు రోజులకు ఆ ఊరి సచివాలయం నుంచి బాషా ఫోన్ చేశాడు.

"సార్, ట్యాంకరు రాలేదు. పేరు ఈడ బాగనే కనపడతాండాది. జనం నా మొగం మీదే బిందెలు బోర్లిస్తాండారు."

"అన్ని ఊళ్లకూ పోతున్నాయి. నీ ఒక్కడికే ఎందుకు రాదు?" అన్నాను. తాళం వేసింది ఆ ఒక్క ఊరికేనని నాకు గుర్తే రాలేదు. అధికారి అడిగితే 'సచివాలయం నమోదులో పొరపాటు' అని రాసిచ్చాను. బాషాకు మెమో వెళ్లింది. ట్యాంకరును అత్తగారి ఊరికి మళ్లించాడని ఊళ్లో పుకారు లేచింది.

తాళాన్ని మిగతా ఊళ్లకూ పెట్టబోతూ, ముందు పెట్టి చూసిన ఊరు అదే కదా అని బాషా పంపిన దరఖాస్తులు తెరిచాను. ఊరి పేరు ఉండాల్సిన చోట అన్నిటిలోనూ ఖాళీ. పేరు లేనివాటిని ట్యాంకర్ల గుమాస్తా పక్కన పెట్టేశాడు.

స్క్రిప్టులో డిసేబుల్ అన్న ఒక్క మాటను రీడ్-ఓన్లీగా మార్చాను. పాతవాటిలో ఊరి పేరు చేర్చి గుమాస్తాకు పంపాను. తప్పు నాదని నా సంతకంతో రాసిచ్చి, మెమో వెనక్కి తీసుకోమని అడిగాను. మరునాడు ట్యాంకరు వెనకే ఆ ఊరు వెళ్లి, నీళ్ల వరుసలో నిలబడ్డవాళ్లకు జరిగింది చెప్పాను.

ఒక ముసలామె బిందె దించి నన్ను అడిగింది: "ఏమప్పా, ఈ బాషాను శానా తిట్టినాం. ఆ తిట్లన్నీ యాడ పెట్టుకుంటావు?"

"ఆ సారుకే ఇచ్చేయవ్వా, నాకు బరువైతాండాయి" అన్నాడు ట్యాంకరు పక్కన నిలబడ్డ బాషా. అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు.

మెమో రద్దయ్యేదాకా ఆ ఫైలు వెంట నేనే తిరిగాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఉన్న రెండేళ్లూ ఏ గడి మూసినా, ఆ ఫారం వాడేవాళ్ల పక్కన కూర్చుని పంపించి, సర్వరుకు ఏం చేరిందో చూశాకే వదిలాను. ఎవరైనా ఫోన్ చేస్తే, ముందు నేనేం మార్చానో చూసుకుని జవాబిచ్చాను.