గట్టు మీది వేపాకు

మా ప్రత్తిపాడులో మొటిమలొచ్చిన ఆడపిల్లలంతా కోటిరత్నం గడప తొక్కినవాళ్లే. నేనూ తొక్కాను. ఆమె పగలంతా మిరప కళ్లంలో తొడిమలు తీసి, సాయంత్రం రోటి ముందు కూర్చుని వేపాకు, కస్తూరి పసుపు, కలబంద గుజ్జు కలిపి నూరేది. పైసా పుచ్చుకునేది కాదు. క్రీముల మాటెత్తితే మాత్రం ఇంతెత్తున లేచేది.

"డబ్బా మీద రాసిందల్లా వేదమా? నాది చెట్టు నుంచి వచ్చింది. చెట్టు అబద్ధమాడదు" అనేది. ఊళ్లో ఆమెకున్న ఆస్తల్లా ఆ మాటే.

పోయిన మాఘంలో ఆ మాటకే ఎసరొచ్చింది. రైతు అంకారావు తన కూతురు అనూషను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. పిల్ల బుగ్గలు కందిపోయి, పొక్కులు లేచి ఉన్నాయి.

"చూడు వదినా నీ చెట్టు నిర్వాకం!" అని వీధంతా వినపడేలా అరిచాడు.

"మిరపకాయలు పట్టిన చేత్తో పూసుకుందేమో కనుక్కో" అంది కోటిరత్నం.

"కాయ ముట్టుకోలేదత్తా. పరీక్షలని గదిలోనే ఉన్నా" అంది అనూష ఏడుస్తూ.

జనం మూగారు. ఇంకొకరైతే తలుపేసుకునేవారు. ఆమె గిన్నెలో మిగిలిన ముద్ద తెచ్చి తన ఎడమ బుగ్గకు పట్టించి అరుగు మీద కూర్చుంది. "ఎవరూ కదలొద్దు. నాకేమవుద్దో చూసి మాట్లాడండి" అంది. అరగంటలో ఆమె బుగ్గా కందింది. ఆమె ఓడిపోవడం నేను చూడలేను.

కోటిరత్నం మొహం కడుక్కొచ్చి, అనూష రెండు చేతులూ పట్టుకుంది. "తప్పు నాదే తల్లీ. ముందు డాక్టరు దగ్గరికి పోదాం పద" అంది. తర్వాత అంకారావు వైపు తిరిగింది.

"ఆకు ఎక్కడిదో అడగవేం? మీ మిరప చేను గట్టు మీది వేప. మంగళవారం కోశా. నువ్వు పురుగు మందు ఎప్పుడు కొట్టావ్?"

"సోమవారం..." అంకారావు గొంతు తగ్గింది. "గాలికి చెట్టు మీద పడుంటది."

"ఆకు కడక్కుండా నూరా. అది నా తప్పు. ఒప్పుకున్నా. చెట్టును మాత్రం ఏమీ అనమాక."

గుంటూరు డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంటుతో పిల్ల మొహం పది రోజుల్లో కుదుటపడింది. ఇక ఈమె రోలు బోర్లిస్తుందనుకుంది ఊరు. బోర్లించలేదు. ఇప్పుడు ఆకు తన పెరటి చెట్టుదే. నాలుగు నీళ్లు కడిగి నూరి, పిల్లలకిచ్చే ముందు రోజు తన బుగ్గకే పూసుకుంటుంది. ఆ పచ్చ బుగ్గతోనే కళ్లానికి పోతుంది. కూలీలు పకపకా నవ్వితే, "నవ్విన నాపచేనే పండుద్ది, నవ్వండే" అంటుంది.

మొన్న అంకారావే ఆమె అరుగు దగ్గర ఆగాడు. "వదినా, రేపు మందు కొడుతున్నా. వారం దాకా మా గట్టు మీద ఆకు కోయమాక. మొహానికి మంచిది కాదు."

"మంచి మాట చెప్పావ్. మరి ఎల్లుండి కాయ కోతకు రమ్మన్నావుగా? మొహానికి పనికిరాని మందు కడుపులోకి పోవచ్చా?"

అంకారావు అట్నుంచటే కూలీల ఇళ్లకు బయల్దేరాడు. కోత పది రోజులు వెనక్కి జరిగింది.