తలుపు సందులో పడని వేలు

ఆ రోజు పొద్దుటి నుంచే బెల్టు చప్పుడు వేరుగా ఉంది. జనగామ దారిలోని ఒక రైస్ మిల్లులో నా పని. తవుడు పడే చోట ఊడ్చి సంచులకెత్తాలి. ఆరేళ్లుగా వింటున్న చప్పుడు కాబట్టి తేడా చెవికి తెలిసిపోయింది. నా పక్కన పనిచేసే కమిలక్క కూడా తల తిప్పి చూసింది. ఆమెది మహబూబాబాద్ వైపు తండా.

"గిది ఇయ్యాల ఏడుస్తాంది చెల్లె. జర దూరం ఉండు" అంది.

బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన ఇనుప జాలీ వారం రోజులుగా గోడకు ఆనించి ఉంది. రిపేరుకని విప్పారు, మళ్లీ బిగించలేదు. కింద పేరుకున్న తవుడు లాగుతుంటే చీపురు పుల్లలు బెల్టుకు చిక్కాయి. చీపురు వదిలేయాలని తోచేలోపే చెయ్యి దాని వెంట పోయింది. నొప్పి వెంటనే తెలియలేదు. కమిలక్క అరుస్తూ స్విచ్ దగ్గరికి ఉరకడం, ఆగిన బెల్టు కింద నా కుడిచెయ్యి తవుడుతో, గ్రీజుతో ముద్దగా కనిపించడం మాత్రం గుర్తున్నాయి.

సూపర్‌వైజర్ మల్లేశన్న తన కారులో నన్ను దవాఖానకు తీసుకుపోయాడు. బచ్చన్నపేట దగ్గరి మా పుట్టినూరే ఆయనది, వరుసకు అన్న అవుతాడు. నా భర్త నడుము నొప్పితో మంచాన పడ్డప్పుడు నాకు ఈ పని ఇప్పించింది కూడా ఆయనే. నేను స్ట్రెచర్ మీద కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకుంటున్నాను. ఎట్లా జరిగిందని దవాఖానవాళ్లు అడిగితే ఆయనే చెప్పాడు, వాళ్లు రాసుకున్నారు.

లోపల గాయం కడుగుతూ నర్సు విసుక్కుంది. "ఏందమ్మా గింత తవుడు! ఎంత కడిగినా గ్రీజు పోతలేదు."

డాక్టర్ చూసి, "క్రష్ ఇంజురీ. చూపుడు వేలు ఉండదమ్మా, ఆంప్యుటేషన్ చెయ్యాలె. మధ్య వేలు కాపాడ్తానికి ట్రై చేస్తా" అన్నాడు.

ఆ వేలి గురించి ఒక మాట చెప్పాలి. నేను బడికి పోలేదు. మా బాపు ఇంట్లోనే భజన పుస్తకం ముందు పెట్టి నాకు చదువు చెప్పాడు. "అక్షరం కింద ఏలు వెట్టి చదువు బిడ్డా. ఏలు దాటిపోయిన అక్షరం మనది గాదు" అనేవాడు. పెళ్లయి జఫర్‌గఢ్ వచ్చాక కూడా రోజూ దీపం పెట్టి, ఆ వేలితోనే రెండు పుటలు చదువుకునేదాన్ని.

మూడో రోజు మల్లేశన్న వచ్చాడు. ఒక చేతిలో వాళ్ల ఇంటి నుంచి తెచ్చిన టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో కాగితం.

"మీ వదిన పప్పుచారు పంపింది చెల్లె. వేడిగ ఉంది, తిను. గిది బీమా కాయిదం, ఒక్క సంతకం పెట్టు. మిగిలిందంత నేనే చూసుకుంట."

కాగితం తెలుగులోనే ఉంది. మొదటి వరుసలో నా పేరు, నా భర్త పేరు చదివాను. తలెత్తితే ఆయన డబ్బా మూత తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. దవాఖాన ఖర్చంతా మిల్లు చేత కట్టించిన మనిషి, అన్నం తెచ్చిన మనిషి. ఆయన ముందు కాగితం వెతికి వెతికి చదివితే ఏమనుకుంటాడని సిగ్గేసింది. మా వైపు మంచి చేసిన వాళ్ల ముందు నోట్లు కూడా లెక్కపెట్టి తీసుకోము. ఎడమ చేత్తో వంకరగా సంతకం పెట్టాను. అన్నం తిన్నాను.

పదో రోజు మధ్య వేలు నల్లబడింది. ఇన్ఫెక్షన్ అన్నారు. మళ్లీ ఆపరేషన్. వేలు మిగిలింది కానీ వంగదు. నెలల తరబడి ఫిజియోథెరపీకి పోయాను. మెత్తటి బంతి ఇచ్చి నొక్కమనేవాళ్లు, కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఆ రోజుల్లో బీమా ఆఫీసు నుంచి బ్యాంకులో ఎంతో కొంత పడేది. దేవుడున్నాడని అనుకున్నాను. మిగతా వేళ్లయినా దక్కినందుకు మొక్కు తీర్చుకోవడానికి కాళేశ్వరం పోయాం. గోదావరిలో కట్టు తడవకుండా చెయ్యి పైకెత్తి మునిగాను. మా ఇంటి దీపం పక్కన మల్లేశన్న ఇంటి పేరు మీద కూడా ఒక దీపం వదిలాను.

తిరిగి వచ్చిన కొద్ది రోజులకు ఆ డబ్బులు ఆగిపోయాయి.

బీమా ఆఫీసుకు పోయి నా బీమా కార్డు చూపించాను. కౌంటర్‌లో ఉన్న మేడమ్ కంప్యూటర్‌లో చూసి, "నీది సిక్‌నెస్ కింద పెట్టిండ్రమ్మా. దాని దినాలు అయిపోయినయ్" అంది.

"సిక్‌నెస్ అంటే ఏంది మేడమ్?"

"జరమో, నొప్పో వచ్చి పనికి పోకపోతే ఇచ్చేది."

"నా వేలు పోయింది మేడమ్. జరం వస్తే వేలు పోతదా?"

ఆమె నా చేతిని చూసింది, మళ్లీ స్క్రీన్ చూసింది. ఫైలు తెప్పించి నా ముందు పెట్టింది. అందులో నా వంకర సంతకం ఉంది. దాని పైన, ఆ రోజు నేను చదవకుండా వదిలేసిన వరుసల్లో ఇట్లా ఉంది: ఇంట్లో తలుపు సందులో పడి నా చెయ్యి నలిగింది, దీనికి మిల్లుకు సంబంధం లేదు.

కింద కుర్చీ ఉందో లేదో చూసుకోకుండానే కూర్చున్నాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. "ముందుగాల చూసేది పనికాడ దెబ్బనా, కాదా అని. పనికాడ దెబ్బయితే మానేదాక రోజుకూలీల పెద్ద భాగం ఇస్తరు. మానినంక మెడికల్ బోర్డు చూసి, సంపాయించే శక్తి నూటికి ఎంత పోయిందో పర్సెంటేజ్ వేస్తది. ఆ పర్సెంటేజ్‌ను నీ కూలీతోని లెక్కగట్టి బతికినన్ని దినాలు ఇస్తరు. ఇంటికాడ దెబ్బయితే గీ రెండో మెట్టే లేదమ్మా."

ఇంటికి పోకుండా నేరుగా మిల్లు గేటు దగ్గరికి పోయాను. మల్లేశన్న బయటికి వచ్చాడు.

"ఏం జేయమంటవ్ చెల్లె. పనికాడ అని రాస్తే ఇన్‌స్పెక్షన్ వస్తది. జాలీ ఎందుకు లేదంటే మొదలు నన్నే తీసేస్తరు. నీ దవాఖాన బిల్లు కట్టిచ్చిన గదా?"

"కట్టిచ్చినవ్ అన్నా. నీ కడుపు సల్లగుండ. కని మా ఇంటి తలుపు నువ్వు చూసినవ్ గదా? రేకు తలుపు. పిల్లి నూకితే తెర్సుకుంటది. గా తలుపు నా వేలు నలిపిందా?"

 ఆయన వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. తిడితే కూడా అంత బాధ అయ్యేది కాదేమో.

మేడమ్ చెప్పినట్టు, ఇది పనిలో తగిలిన దెబ్బేనని దరఖాస్తు రాసి ఇచ్చాను. విచారణకు ఒక ఆఫీసర్ వచ్చాడు. మిల్లులో అందరూ చూడలేదన్నారు. కమిలక్క ఒక్కతే ముందుకొచ్చింది. "బెల్టు బంద్ చేసింది నేనే సారూ" అని మొత్తం చెప్పింది. ఆఫీసర్ రాసి వేలిముద్ర వెయ్యమన్నాడు.

"ముందు చదువు సారూ."

చదివాడు.

"మల్లొక్కపారి చదువు. జాలీ లేదన్న ముచ్చట రాసినవా?"

ఆయన నవ్వి, ఆ మాట చేర్చి, మళ్లీ చదివాడు. అప్పుడు వేసింది వేలిముద్ర. అక్షరం ముక్క రాని కమిలక్క రెండుసార్లు చదివించుకుంది. చదువు వచ్చిన నేను ఒక్కసారి చదవలేదు. ఆ పక్కన నిలబడలేక తల దించుకున్నాను. ఆ వారమే మిల్లువాళ్లు ఆమెను రేపటి నుంచి రావద్దన్నారు. ఆమె రుణం ఈ జన్మలో తీరదు.

ఒక్క సాక్ష్యం చాలదేమో అనుకున్నాం. ఆఫీసర్ దవాఖాన నుంచి కేస్ షీట్ తెప్పించాడు. మొదటి పేజీలో తలుపు అనే ఉంది. లోపలి పేజీలో, ఆపరేషన్ నోట్‌లో, డాక్టర్ గాయం ఎట్లా ఉందో రాశాడు. ఆఫీసర్ ఆ పంక్తి మీద పెన్ను ఆనించి అడిగాడు: "గాయంల తవుడు, మిషన్ గ్రీజు అని ఉందమ్మా. మీ ఇంటి తలుపుకు తవుడు ఎక్కడిది?"

నేను చెప్పలేకపోయిన నిజాన్ని గాయమే చెప్పింది. చేతులు జోడించాను, జోడించగలిగినంత.

పనిలో దెబ్బ అని ఒప్పుకున్నారు. మెడికల్ బోర్డుకు పిలిచారు. ముగ్గురు డాక్టర్లు. పిడికిలి పట్టమన్నారు, గుండీ పెట్టమన్నారు, నేల మీది నాణెం తీయమన్నారు. అది మూడుసార్లు జారిపోయింది. రాత్రిళ్లు లేని వేలు కూడా గుంజుతుందని చెప్పుకున్నాను. పెద్ద డాక్టర్ మంచిగానే అన్నాడు: "నొప్పికి పర్సెంటేజ్ లేదమ్మా. ఏ వేలు, ఎంతవరకు పోయింది, మిగిలినది ఎంత పని చేస్తాంది, గంతే."

ఇక కష్టం తీరిందనుకున్నాను. నెలకు వచ్చే డబ్బు చూసి మళ్లీ మేడమ్ దగ్గరికి పోయాను. పర్సెంటేజ్ సరిగానే ఉంది. కూలీయే తక్కువ. మిల్లువాళ్లు నా కూలీలో సగమే కాగితం మీద చూపించారు, మిగతా సగం చేతికిచ్చేవాళ్లు. పనిలో చేరిన రోజు మల్లేశన్న, "చేతికిచ్చేదాంట్ల కోత ఉండదు చెల్లె, నీ మంచికే" అన్నాడు. అప్పుడు కూడా నేను దండం పెట్టాను.

దాని మీద కూడా దరఖాస్తు పెట్టాను. ఇంకా తేలలేదు.

ఇప్పుడు ఇంట్లోనే దీపం వత్తులు చేస్తున్నాను. బొటనవేలికి, ఉంగరం వేలికి మధ్య దూదిని మెలి తిప్పడం నేర్చుకున్నాను. మునుపు పది చేసేంతలో ఇప్పుడు నాలుగవుతాయి. భజన పుస్తకంలో అక్షరాల కింద ఇప్పుడు ఉంగరం వేలు నడుస్తుంది. మిల్లు ఆడవాళ్లు తమ కాగితాలు తెచ్చి చదవమంటారు. గొంతెత్తి చదువుతాను, ఒక్క అక్షరం వదలను.

కాళేశ్వరంలో మల్లేశన్న ఇంటి పేరు మీద వదిలిన దీపాన్ని నేను తిరిగి అడగను. దేవుడికిచ్చింది అది. ఆయన చేసిన మేలు మేలే, చేసిన ద్రోహం ద్రోహమే. రెంటినీ కలిపి ఒకటి చెయ్యడం నాకు చేతకాలేదు.

ఇది చదివే అక్కలకు, అన్నలకు ఒక్కటి చెబుతాను. పనిలో దెబ్బ తగిలి దవాఖానకు పోతే, ఎక్కడ, ఏ పని చేస్తుంటే తగిలిందో మీ నోటితోనే చెప్పండి. మీరు చెప్పలేని స్థితిలో ఉంటే తెలివి వచ్చిన రోజే కేస్ షీట్‌లో ఏం రాశారో అడగండి. సంతకం పెట్టమని ఎవరు ఏ కాగితం ఇచ్చినా, వాళ్లు మీకు అన్నం తెచ్చినవాళ్లే అయినా, కూర్చోమని చెప్పి చివరి అక్షరం దాకా చదవండి, లేదా చదివించుకోండి.

అన్నం చల్లారితే చల్లారనివ్వండి.