కోత పడని కారు

ఒఫేలియా చల్లపా యాభై ఒకటో ఏట కారు కొన్నది. కొనాలన్న కోరిక మాత్రం ఇరవై ఏడో ఏటిది.

ఆమె పని కార్లతోనే. జపాన్‌లో వాడి పక్కన పెట్టిన కార్లు ఓడల్లో ఇకీకె రేవుకొస్తాయి. వాటి స్టీరింగ్ కుడివైపుంటుంది. ఇక్కడి రోడ్లకు అది ఎడమవైపుండాలి. అందుకని రేవుకు పైన కొండ మీదున్న ఆల్తో ఓస్పిసియో ఊళ్లో రేకుల షెడ్లు వెలిశాయి. అక్కడ డ్యాష్‌బోర్డు ఊడబీకి, ఇంజనుకీ మనిషికీ మధ్యనుండే ఇనుప గోడకు కొత్త కన్నం కోసి, పెడళ్లూ స్టీరింగూ ఎడమకు తెచ్చి, బొలీవియాకో పరాగ్వేకో అమ్ముతారు. కోతా వెల్డింగూ మగవాళ్లవి. వైరింగ్ ఒఫేలియాది. మగవాడి మోచెయ్యి పట్టని సందులోకి ఆమె చెయ్యి సులువుగా దూరుతుంది. షెడ్డులో అందరూ ఆమెను చిన్నచేతుల అక్క అంటారు. చాలా ఏళ్లు జీతం కూడా ఆ చేతుల కొలతకే ఇచ్చారు. ఫైబరు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతోంది, మూతిగుడ్డలివ్వమని ఆమె సంతకాలు పోగుచేస్తే, యజమాని 'భద్రతే ముఖ్యం' అని గోడకు బోర్డు తగిలించాడు. మూడు రోజులు పని ఆపితే గానీ గుడ్డలు రాలేదు.

ఇరవై నాలుగేళ్లలో ఎన్ని వందల కార్లకు దీపాలు వెలిగించిందో ఆమెకే తెలియదు. ఇంటికెళ్లేది మాత్రం మినీబస్సులో, నిలబడి. మార్చే చేతులు ఒకరివి, తోలే చేతులు ఇంకొకరివి. ఇది ఒక్క కార్ల సంగతే కాదు, ఒప్పుకుంటాను, కానీ ఇక్కడ మరీ కళ్లకు కట్టినట్టుంటుంది. నలభయ్యో ఏట ఆమె లైసెన్సు తీసుకుంది. గడువు తీరినప్పుడల్లా వెళ్లి మళ్లీ రాయించుకునేది. ఇంతకీ ఏం నడుపుతున్నావమ్మా అని గుమాస్తా అడిగితే, ఇల్లు అనేది.

పనిలో చేరిన మొదటి వారమే ఒక రెండు తలుపుల కారు ఆమె చేతికొచ్చింది. నేలను రాసుకుంటూ పోయేటంత పొట్టిది. వెనకసీటు పేరుకే, అందులో పిల్లి పడుకోవచ్చు. బంగాళాదుంపల బస్తా పట్టదు, మంచం పట్టదు, ముసలివాళ్లు దిగలేరు. అంతవరకు ఒఫేలియా ఎక్కిన ప్రతి బండీ ఎవరిదో బరువు మోయడానికే. కొల్చానె పల్లె నుంచి తల్లి పంపే కినోవా గింజల మూటలు, తమ్ముళ్ల సామాన్లు, ఆఖరికి ఒక తమ్ముడు పోతే వాడి పసిపిల్ల. ఎవరి బరువూ మోయనని మొండికేసినట్టున్న ఆ కారును చూసి ఆమెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత గుండెలో ఎక్కడో పట్టుకుంది, మళ్లీ వదల్లేదు.

తమ్ముడి పిల్ల మగలీ ఇప్పుడు ఆదివారం సంతలో వాడిన బట్టలమ్ముతుంది. అత్త కారు కొంటోందని తెలిసి వ్యాను కొంటుందనే అనుకుంది. రెండు తలుపులదని విన్నాక మూతి ముడిచింది.

“బట్టల మూటలు ఎక్కడ పెడతావత్తా?”

“పెట్టను.”

“మరి నన్ను?”

“పక్కన కూర్చోబెడతా. మూటల్లేకుండా వస్తే.”

రేవు దగ్గర పాకిస్తానీ వర్తకుడు నవీద్ ఆవరణలో ఆ వారం అలాంటివి రెండే ఉన్నాయి. ధర ఇంచుమించు ఒకటే. ఒకటి ఆకుపచ్చ సెలికా. ఎప్పుడో ఎడమకు మారినది, ఇద్దరు యజమానుల్ని చూసినది, కాగితాలన్నీ ఉన్నది. రెండోది తెల్ల ప్రెల్యూడ్. పది రోజుల కిందట ఓడ దిగింది. స్టీరింగ్ ఇంకా కుడివైపే ఉంది. దాన్ని పరాగ్వే బేరగాడొకడు అడిగాడనీ, శనివారం పొద్దున దాకా ఆమె కోసం ఆపుతాననీ నవీద్ చెప్పాడు. అది గురువారం.

ఒఫేలియా ముందు ఆకుపచ్చదాని తలుపు తీసి, స్టీరింగ్ కింద తల దూర్చి వెల్లకిలా పడుకుంది. చొక్కా మాసిపోతుందని నవీద్ అట్టముక్క పరిచాడు. చిన్న దీపం పట్టుకుని డ్యాష్‌బోర్డు కిందికి చూసింది. వైర్ల కట్టకు టేపు లేదు. ఎరుపూ నలుపూ కలిపి పేనిన లామా ఉన్ని దారం ఉంది, మూడు వేళ్ల దూరానికొక ముడి. షెడ్డులో టేపు కరువైన ఏడాది ఆమె తల్లి వడికిచ్చిన దారమది. అట్లా కట్టేవాళ్లు ఈ తీరంలో ఇంకెవరూ లేరు. పంతొమ్మిదేళ్లయినా ఒక్క ముడి జారలేదు. తన పని తనకు నచ్చింది. కానీ దాన్ని చూస్తూ పడుకుంటే, ఇన్నేళ్లూ ఎవరెవరో ఈ ముడుల కింద కాళ్లు చాపుకుని ఎక్కడెక్కడికో వెళ్లొచ్చారన్న ఆలోచన వచ్చింది. కాస్త కోపం కూడా వచ్చింది.

తర్వాత తెల్లదాని కుడి తలుపు తీసి కూర్చుంది. ఆమె చేతికొచ్చేసరికి కారెప్పుడూ సగం ఊడి ఉండేది. ఇది అట్లా లేదు. డ్యాష్‌బోర్డు ఈ చివరనుంచి ఆ చివరకు ఒకే పలక. ఎక్కడా అతుకు లేదు, పూత లేదు. కుడికాలి మడమ ఆనే చోట చాప అరిగి నున్నగా అయింది. ఆ మడమ ఎవరిదో, ఆడదో మగవాడో, ఏ ఊళ్లో తోలేవారో. ఒఫేలియా తన మడమ అక్కడ పెట్టింది. సరిపోయింది. తీరం వెంట దక్షిణంగా వెళ్తే సముద్రం కుడిచేతి వైపుంటుంది కదా. ఈ సీట్లో కూర్చుని తోలితే కిటికీ పక్కనే నీళ్లు, మధ్యలో ఎవరూ ఉండరు. ఆ ఆలోచనతో కూర్చుని ఎంతసేపైందో ఆమెకు తెలియలేదు. నవీద్ ఒకసారి టీ తెచ్చి, చల్లారాక తీసుకుపోయి మళ్లీ తెచ్చాడు.

“ఇది తీసుకోండి దోన్యా ఒఫేలియా. మీ షెడ్డులో మీవాళ్లే మార్చిపెడతారు, మీకు సగం ఖర్చే.”

“దీన్ని కొయ్యనివ్వను.”

“కొయ్యకపోతే రోడ్డెక్కదుగా.”

“ఆ సంగతి నీకన్నా నాకు తెలుసు నాయనా.”

రెండు రాత్రులు ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు. తెల్లది కొంటే పెరట్లో నిలబెట్టుకోవాలి. కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి జపాన్ నుంచి గూడు తెప్పించారంటారు అని మగలీ ఎద్దేవా చేసింది. ఆ మాటలో అబద్ధం లేదు. కదలని కారును చూసుకుంటూ కూర్చోవడానికా ఇన్నాళ్లు ఆశపడింది? పోనీ మారిస్తే? అప్పుడది అన్నింటిలాంటి ఇంకో కారు. ఆకుపచ్చదానికి జరగాల్సింది ఎప్పుడో జరిగిపోయింది. దాన్ని తోలడంలో తప్పులేదు. తోలడం కోసమని చక్కగా ఉన్నదాన్ని తెగ్గొయ్యడం వేరు. శనివారం ఆమె ఆకుపచ్చదాని తాళాలు తీసుకుంది. తెల్లదాని వైపు తల తిప్పకుండా కొన్న కారును బయటికి తోలింది.

ఆ మధ్యాహ్నం మగలీ వాళ్ల ఆచారం ప్రకారం చక్రాల మీద బీరు పోసింది, అద్దాలకు రంగుకాగితాలు చుట్టింది, నేలతల్లి పేరు చెప్పి దండం పెట్టింది. మూటల్లేకుండా వస్తానని కూడా అంది గానీ, ఈసారికి ఒక్కదాన్నే వెళ్తానంది ఒఫేలియా. తీరం వెంట దక్షిణంగా చానవయీతా దాకా తోలింది. ఇంజను మంచిది, మలుపుల్లో కారు రోడ్డును పట్టుకునే ఉంది. పెద్దగా నవ్వుకుంది, పాడింది కూడా. ఆ సంతోషం నిజమైనదే, దాన్ని తక్కువ చెయ్యను. కానీ పక్కనున్న ఖాళీ సీటుకు అవతల ఉంది సముద్రం. చూడాలంటే ఆ సీటు దాటి చూడాలి.

సోమవారం పొద్దున షెడ్డు గేటు దగ్గర లారీ మీదనుంచి నాలుగు కార్లు దించారు. నాలుగోది తెల్ల ప్రెల్యూడ్. ఊళ్లో షెడ్లు చాలా ఉన్నాయి. పరాగ్వే బేరగాడికి మార్పిడి పని ఇక్కడే చవకగా కుదిరింది, అంతే.

కోతపనివాడు వాల్దోకు సంగతి తెలుసు. దాని వైరింగ్ కుర్రవాళ్లెవరికైనా ఇస్తాలే అక్కా అన్నాడు. వాళ్లు తీగలు కోసేస్తారు, నేను విప్పుతాను, ఇలా ఇవ్వు అంది ఒఫేలియా. వాల్దో కారును లోపలికి తేవడానికి తాళం తీసుకున్నాడు. ఒఫేలియా చెయ్యి చాపింది.

“లోపలికి నేను తెస్తా.”

“ఎనభై అడుగులేగదక్కా.”

“ఎనభై అడుగులే.”

కుడి తలుపు తీసి కూర్చుంది. అద్దం తన ఎత్తుకు దించుకుంది. మొదటి గేరులోనే, నడిచే మనిషికన్నా నెమ్మదిగా తెచ్చింది. పని చేసేవాళ్లు మిషన్లాపి గోడకు జరిగి దారిచ్చారు. కార్ల కింద దిగి పనిచేసే గుంత దగ్గర సరిగ్గా గీత మీద ఆపి ఇంజను ఆపేసింది. వాల్దో కోతమిషను తీగ గోడమీది ప్లగ్గులో గుచ్చి, మూతిగుడ్డ కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె దిగేదాకా అతను తొందరపెట్టలేదు.