ఉప్పుటేట్లో కడిగిన ఇసుక

ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో ఇల్లు కట్టుకునేవాళ్ళు ఒక మాట చాలా ఇష్టంగా పలికేవారు: కడిగిన ఇసుక. "మాది కడిగిన ఇసకండీ" అని చెబుతున్నప్పుడు వాళ్ళ ముఖంలో మడిబట్ట ఆరేసుకున్నవాళ్ళ తృప్తి కనిపించేది.

ఆ మాట ఎవరి నోట పుట్టిందో నాకు తెలియదు. ఎందుకు పుట్టిందో తెలుసు. ఉక్కు కర్మాగారం పనులు, రేవు పనులు ఊపందుకున్నాక శారదా నది ఇసుక, నాగావళి ఇసుక మోసే లారీలన్నీ పెద్ద పనులకే సరిపోయేవి. సొంతానికి రెండు గదులు వేసుకునేవాడికి ఏటి ఇసుక దొరకడం గగనమయింది. పక్కనే సముద్రం, ఒడ్డు పొడుగునా కావలసినంత ఇసుక. పట్టపగలే తవ్వి లారీలకెత్తేవారు. జనం మరీ అమాయకులేం కాదు. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుందనీ, ఆ ఉప్పు కాంక్రీటులోని ఇనప చువ్వను తినేస్తుందనీ అందరికీ తెలుసు. బీచి దగ్గర కాపురముంటే సైకిలు గొలుసు ఏమవుతుందో చూసిన ఊరిది. అందుకే ఎవరో తెలివైనవాడు ఇసుకకు 'కడిగిన' అనే మాట తగిలించాడు. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. బియ్యం కడుగుతాం, చేపలు కడుగుతాం, కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి వస్తాం. కడిగితే పోనిది లేదని మనకొక గట్టి నమ్మకం. దేనితో కడిగారని అడిగే అలవాటు మాత్రం లేదు.

మా బావ, అంటే మా అక్క భర్త, రేవులో క్రేను నడిపేవాడు. పశ్చిమ గోదావరి నుంచి ఉద్యోగం కోసం వచ్చినవాడు. నేను అదే ఊళ్ళో ఒక దినపత్రికకు విలేకరిని. సెలవు రోజున భోజనం వాళ్ళింట్లోనే. వాళ్ళిల్లంటే ఒక అద్దె గది, దాని ముందు ఒక రేకుల వసారా. కుళాయి తాళం ఇంటివాళ్ళ దగ్గర ఉండేది. తనకంటూ ఒక కప్పు ఉండాలని అక్క కోరిక. అంతకు మించి ఆమె ఏదైనా కోరగా నేను వినలేదు. కూర్మన్నపాలెం దగ్గర చిన్న స్థలం కొని, పోగేసిందంతా పెట్టి ఇల్లు మొదలుపెట్టారు. గోడలు లేచాయి. స్లాబు వేయాలి.

ఇసుక తెప్పించే పని మేస్త్రీ తీసుకున్నాడు. అతను ఈ ప్రాంతపువాడు, మాటకారి. కుప్ప దింపించిన రోజు నేనక్కడే ఉన్నాను.

"సూడండి బాబూ, ఒక్క గవ్వ కనిపిత్తే నన్ను మేస్త్రీ అని పిలవకండి. కడిగిన ఇసక!" అన్నాడు.

బావ గుప్పెడు తీసి పిసికి వదిలాడు. గోదావరి గట్టున పెరిగినవాడు కావడం వల్ల ఇసుక విషయంలో ఆయనకు కాస్త గర్వముండేది.

"ఏవోయ్ పేపరోడా, చూశావా? మా ఊరి గోదారి ఇసక ర్యాంపులో కూడా ఇంత శుభ్రంగా ఉండదు. పంచదారలా లేదూ?"

నిజంగానే తెల్లగా ఉంది.

స్లాబు ఇంకో రోజుందనగా నాకు ఉప్పుటేటి గట్టున పని పడింది. వలలకు నల్లటి చమురు పట్టుకుంటోందని అక్కడి జాలర్లు చెబితే చూసి రాద్దామని వెళ్ళాను. ఆటుపోట్లతో సముద్రపు నీరే ఎక్కిదిగే ఏరది. ఊరి మురుక్కాలువొకటి అందులోనే కలుస్తుంది. నీటి మీద చమురు రంగులు తిరుగుతున్నాయి. చేపలు కోసేవాళ్ళు పారేసిన పేగులు గట్టు వెంట తేలుతున్నాయి. ఆ కంపు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఆ నీళ్ళలో మోకాలి లోతున నిలబడి కొందరు పెద్ద జల్లెడలు పట్టుకున్నారు. బీచి నుంచి తెచ్చిన ఇసుకను వాటిలో పోసి, ఏట్లోంచి బకెట్లతో నీళ్ళు తోడి పోస్తున్నారు. గవ్వలు, నాచు జల్లెడలో మిగిలిపోతున్నాయి. తెల్లటి ఇసుక కింద కుప్పపడుతోంది.

"ఏం చేస్తున్నారు?" అని అడిగాను, తెలుస్తూనే ఉన్నా.

"కనిపిత్తాలేదేటి బాబూ? ఇసక కడగతన్నాం" అన్నాడు తలగుడ్డ కట్టుకున్న ఒక పెద్దమనిషి.

"ఉప్పునీళ్ళతోనా?"

"మరేటి, పన్నీరుతో కడగమంతావా?"

అందరూ నవ్వారు.

"కడిగేది ఉప్పు పోవడానికి కదా?"

"ఉప్పెవడిక్కావాల? గవ్వ పోవాల, నాసు పోవాల, కొనీవోడు సూసి మొకం సిట్లించకూడదు. నువ్వు సముద్రంలో ములిగితే నీ ఒంటి మట్టి వదల్దేటి? ఇదీ అంతే."

జల్లెడ పట్టుకున్న ఆడమనిషి అతన్ని మోచేత్తో పొడిచింది. "ఆ బాబు పేపరోడిలా ఉన్నాడు. ఫొటో తీత్తాడేమో, మొకం కడుక్కో."

"ఏ నీళ్ళతో కడుక్కోమంతావే?"

మళ్ళీ నవ్వులు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. కూలికి వచ్చినవాళ్ళు, చెప్పిన పని చేస్తున్నారు. నాకు రోత పుట్టింది ఆ పక్కనే నిలబడి ఉన్న లారీని చూసినప్పుడు. వెనక తలుపు విరిగి, కొబ్బరితాడుతో కట్టి ఉంది. బావ స్థలంలో ఇసుక దింపింది ఆ లారీయే.

అక్కడి నుంచి బస్సెక్కి కూర్మన్నపాలెం వెళ్ళాను. చెక్కలు బిగించి, పైన చువ్వలు కట్టడం కూడా అయిపోయింది. నేను చూసింది చెప్పగానే బావ వంగి చిటికెడు ఇసుక నాలుక మీద వేసుకున్నాడు. ఉమ్మేశాడు. మళ్ళీ ఉమ్మేశాడు. మేస్త్రీని కేకేశాడు. అతనూ చిటికెడు నోట్లో వేసుకుని, పచ్చడి రుచి చూసినట్టు నాలుక చప్పరించాడు.

"ఉన్నాది బాబూ, కొంచెం. అయితే ఏటి? కూరలో ఉప్పెక్కువైతే పారబోత్తామేటి? ఇంకో నాలుగు ముక్కలేత్తాం. రేపు సిమెంటు బస్తా ఎక్కువేద్దాం, సరిపోద్ది."

"ఇల్లనుకున్నావా, పప్పుచారనుకున్నావా?" అని బావ అరిచాడు.

"ఆపమంటే ఆపేత్తాను. కాంక్రీటు కలిపే మిసను ఎనక్కెల్లిపోద్ది. మల్లీ ఎప్పుడొత్తాదో నాను సెప్పలేను. పర్మిట్ మీద తెచ్చుకున్న మీ సిమెంటు ఈ గాలికి రాయైపోద్ది. సుట్టాలొచ్చేసినారు, మేకని తెచ్చేసినారు. ఆలోసించండి."

స్లాబంటే మా వైపు పెళ్ళి కింద లెక్క. ముహూర్తం చూస్తారు, బంధువుల్ని పిలుస్తారు, కూలీలకు మాంసంతో భోజనం పెడతారు. అది ఆగిందంటే ఆ ఇంటికేదో కీడు తగిలిందని చెప్పుకుంటారు. బావ ముఖంలో ఇసుక సంగతి మెల్లగా పోయి, చుట్టాల సంగతి రావడం నేను ఎదురుగా నిలబడి చూశాను.

అక్క మసాలా చేతులతో వచ్చి అంతా విన్నది.

"ఆపేయండి. కూరేగా, ఎవరికో ఒకరికి పెట్టేద్దాం" అంది.

"పదిమందిలో నవ్వులపాలవమంటావా?"

"ఆ పదిమందీ భోంచేసి వెళ్ళిపోతారు. దాని కింద పడుకునేది మనం."

బావ నోరు పుక్కిలించడానికి వెళ్ళాడు.

మర్నాడు కొబ్బరికాయ కొట్టారు. మిషను తిరిగింది. ఉప్పుటేటి ఇసుక తట్టలు తట్టలుగా పైకెక్కి, సిమెంటులో కలిసి, బూడిదరంగులోకి మారి కనబడకుండా పోయింది. బంధువులు కింద నిలబడి ఇల్లు అదిరిందన్నారు. మధ్యాహ్నం బంతిలో కూర బాగుందన్నారు, ఉప్పు సరిపోయిందన్నారు. ఏటి గట్టున చూసింది నేను పత్రికకు రాశాను. లోపలి పేజీలో చిన్నదిగా వచ్చింది. కడిగేవాళ్ళు అవతలి గట్టుకు మారారు.

కొత్తింట్లో రెండు వానాకాలాలు బాగానే గడిచాయి. తరువాత కప్పుకు చెమట పట్టడం మొదలయింది. ఎండలో కూడా లోపలి వైపు తేమ. ఆ తేమలోంచి గోధుమరంగు చారలు, చువ్వ ఉన్న చోటల్లా గీసినట్టుగా. ఆ తరువాత పెచ్చులు. అన్నం గిన్నెలో పడ్డాయి, ఆ ఇంట్లోనే పుట్టిన చంటివాడి ఉయ్యాలలో పడ్డాయి. అక్క తన పాత నేతచీరను కప్పు కింద నాలుగు మూలలా కట్టింది. ఎవరైనా అడిగితే "పందిరేశాం" అనేది. వారానికోసారి విప్పి, పెచ్చులు దులిపి, మళ్ళీ కట్టేది.

ఉక్కునగరంలో క్వార్టర్ల పంపకం ఆలస్యమై కొత్తగా చేరినవాళ్ళు చుట్టుపక్కల ఇళ్ళు వెతుక్కుంటున్న రోజుల్లో బావకు అమ్మేసే ఆలోచన వచ్చింది. మేస్త్రీని పిలిపించాడు. అతను పెచ్చులూడిన చోటల్లా సిమెంటు మెత్తి, పైన సున్నం మీద సున్నం కొట్టాడు. కప్పు ఇసుక కుప్పంత తెల్లగా తయారయింది.

"కొనేవాళ్ళకి చెబుతావా?" అని బావను అడిగాను.

"నాకెవడు చెప్పాడోయ్?"

నేను చెప్పానన్న సంగతి ఆయన నిజంగానే మరిచిపోయాడు. నటించి ఉంటే అంత అసహ్యం వేసేది కాదు.

ఇల్లు చూడటానికి షిఫ్టు డ్యూటీ చేసే ఒక కుర్రాడు, అతని భార్య వచ్చారు. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. సున్నం కొట్టాక కూడా అక్క కప్పు కింద మళ్ళీ కట్టిన చీరను బావ ఆ పొద్దున్నే విప్పి దాచేశాడు. కుర్రాడు గోడలు తట్టి చూశాడు, నుయ్యి చూశాడు. "ఇసుక ఎక్కడిదండీ?" అని అడిగాడు.

"కడిగిన ఇసకండీ. దగ్గరుండి వేయించాను" అన్నాడు బావ.

ఉద్యోగరీత్యా పెద్దపెద్దవాళ్ళ అబద్ధాలు చాలా విన్నాను. వాళ్ళకు కనీసం గొంతులో ఏదో అడ్డుపడేది. మా బావకు పడలేదు.

అక్క కాఫీ పట్టుకొచ్చింది. ఆ పిల్ల గది మధ్య మంచం మీద కూర్చుని ఉంది.

"అమ్మాయ్, అక్కడొద్దు. ఇటొచ్చి కూర్చో" అంది అక్క.

"పర్లేదండీ, ఇక్కడ గాలి బాగుంది."

"రా తల్లీ, చెబుతాను."

ఆ పిల్ల లేచి పక్కకు వచ్చింది. అక్క గ్లాసులు కింద పెట్టి, మూలనున్న బూజుకర్ర తీసి మంచానికి సరిగ్గా పైన కప్పును పొడిచింది. రెండో పోటుకు కంచమంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. లోపలి చువ్వ బయటపడింది. ఎర్రగా ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయి, పుచ్చిన పన్నులా ఉంది.

కుర్రాడు భార్య చెయ్యి పట్టుకుని చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాటుతూ ఆ పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి అక్కకు దణ్ణం పెట్టింది.

"బుద్ధుందా నీకు? కాళ్ళ దగ్గరకొచ్చిన బేరం!" అన్నాడు బావ.

"ఆ పిల్ల ఒట్టి మనిషి కాదు."

"మరి మన సంగతో?"

"మన సంగతి ఆ రోజే చెప్పాను" అని అక్క చీపురు తెచ్చి మంచం దులిపింది.

అమ్మడం కుదరలేదు. స్లాబు పగలగొట్టించక తప్పలేదు. పెద్దగా కష్టపడాల్సిన అవసరం లేకపోయింది, సుత్తి తగిలిన చోటల్లా దానంతటదే రాలింది. పైన సిమెంటు రేకులు వేశారు. డాబాను తన పెళ్ళాం పాక చేసేసిందని బావ కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఇసుక మాట ఎత్తలేదు.

ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం వెళ్ళాను. రేకుల కింద గది పొయ్యిలా ఉంది. అక్క నేల తడిపి, చాప పరుచుకుని, విసనకర్రతో పడుకుంది. వేడిగా లేదా అని అడిగితే, "ఉంది. ఉంటే ఉండనీ. పైకి చూసుకుంటూ పడుకోనక్కర్లేదు" అంది.

గది మధ్య అదే మంచం మీద బావ గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.