ఫోన్ ముందర వేసిన విస్తరి

ఆ రోజుల్లో నాకు లోకంలో భయమంటూ ఉంటే అది ఆఫీసరనే మాటకే. (ఆ రోజులంటే తాతలనాటివి కావు, అంగట్లో గల్లాపెట్టె కంటే ఫోనుకు విలువ పెరిగిన కాలమే.) బీకాం ముగించి ఆళ్లగడ్డలో మా మామ ఎరువుల అంగట్లో లెక్కలు రాయడానికి చేరినాను. ఇంతలో మామకు గుండె ఆపరేషనని నంద్యాల ఆస్పత్రిలో పెట్టినారు. మరుసటి పొద్దున ఆస్పత్రికి కట్టాల్సిన దుడ్లు అంగడి ఖాతాలో ఉండాయి, ఆ ఖాతా నా ఫోనులో ఉండాది. అంత బాధ్యత నెత్తిన పెట్టినారని నేను కాలరెగరేసి తిరుగుతాంటే, మిట్టమధ్యాన్నం వీడియో కాల్ వచ్చింది.

ఎత్తితే ఏముంది, స్వామీ! కోటు, టై, వెనక గోడకు మూడు సింహాల బొమ్మ, పక్కన జెండా. "ఆదాయపన్ను శాఖ. మీ షాపు మీద పన్ను ఎగవేత కేసుంది. కాల్ కట్ చేస్తే అరెస్టే. ఎవరికీ చెప్పకూడదు," అన్నాడు. ఏం గొంతప్పా అది! మామ పేరు, అంగడి పేరు, నా పేరు గడగడా చదివినాడు. నాకు భయమేసింది గానీ, అంతటి మనిషి నన్ను పేరు పెట్టి పిలిచినాడే అని లోపల కొంచెం గొప్పగా కూడా ఉండింది. మూటల గదిలో తలుపేసుకొని, ఫోనును యూరియా మూటకు ఆనించి, చేతులు కట్టుకొని నిలబడినాను. "సార్, ఒంటికి పోయి రావచ్చునా?" అంటే, "ఫోన్ పట్టుకునే వెళ్లు," అన్నాడు. పోయినాను. (ఫోనును ఆకాశం పక్కకు తిప్పి పట్టుకున్నాను, అంత మర్యాదస్తుణ్ణి.) కడాకు, "ఖాతాలో ఉన్నదంతా మేం చెప్పిన ఖాతాకు పంపు. పరిశీలించి గంటలో వాపసు ఇస్తాం," అన్నాడు. నా బొటనవేలు ఫోను మీదికి పోయింది.

సరిగ్గా అప్పుడే, మామకు గుడ్డలు తీసుకపోను అంగడి వెనక ఇంటికొచ్చిన అత్త నన్ను అన్నానికి పిలిచేదానికి వచ్చి తలుపు తోసింది. "ఏందబ్బీ, ఈడేం చేస్తాండావ్?"

"గమ్మునుండత్తా! ఇన్‌కంటాక్స్ ఆఫీసరు!"

అత్త కొంగు భుజం నిండా కప్పుకొని ఫోనుకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. మా ఇంట్లో ఒక కట్టుబాటుంది. అధికారి ఎవరొచ్చినా సరే, అన్నం పెట్టినంక గానీ పని మాట ఎత్తరు. ఆమె బిరబిరా పోయి అరిటాకు తెచ్చి, ఫోను ముందర పరిచి, నీళ్లు చల్లి, మామ కోసం దేవునికి మొక్కి చేసిన ఓళిగలు, అన్నం, పప్పు, నెయ్యి వడ్డించింది. "తిను నాయనా. ఇంతసేపూ మా కోసం ఎంత అరిచినావో."

ఆఫీసరు టై సర్దుకున్నాడు. "అమ్మా, ఇది రహస్య విచారణ! ముందు డబ్బు పంపమనండి."

"పంపుతాడు సారూ, పన్ను ఎగ్గొట్టే వంశం కాదు మాది. అయితే విస్తరి ముందర దుడ్ల మాట ఎత్తకూడదు," అని నా చేతిని పక్కకు నెట్టింది. "యాడుంది మీ ఆఫీసు? మావాడు క్యారియర్ కట్టుకొని వస్తాడు. దుడ్లు కూడా నీ చేతికే ఇస్తాడు."

"మాది ఢిల్లీ!"

"అంత దూరమా! అయితే నంద్యాలలో మీవాళ్లెవరన్నా ఉంటారు గదా, పేరు చెప్పు."

పేరు చెప్పలేక, "మీ ఇంటికి పోలీసుల్ని పంపిస్తా!" అని అరిచినాడు.

"పంపు నాయనా. ఎంతమందొస్తారో చెప్తే అన్ని బియ్యం పోస్తా."

ఫోను కట్టయింది.

అప్పటికీ నాకు వెలగలేదు. పోలీసులొస్తారని భయపడి నంద్యాలలో మా ఆడిటరుకు ఫోన్ చేసినాను. ఆయన నవ్వి నవ్వి దగ్గినాడు. "నిజమైన నోటీసుకు నంబరుంటాదప్పా, శాఖ పోర్టల్లో సరిచూసుకోవచ్చు, జవాబుకు గడువిస్తారు. ఫోన్లో అరెస్టు చేసే చట్టం యాడా లేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడంటేనే వాడు దొంగ. బిరీన పోయి సైబర్ పోలీసులకు చెప్పు."

మరుసటి పొద్దున ఆస్పత్రిలో దుడ్లు కట్టినాం. మామను లోపలికి తీసుకపోయినంక, బయట బెంచీ మీద అత్తకు విషయం చెప్పినాను. "వాడు ఆఫీసరు కాదత్తా, దొంగ. నువ్వు రాకపోయింటే మామ ప్రాణం మీదికొచ్చేది."

అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆపరేషన్ గది తలుపు పక్క ఒకసారి చూసింది. "దొంగైతే మాత్రం ఏంరా," అంది, "విస్తరి వేసినంక తినకుండా లేచిపోయినాడు గదా, పాపం." నేను ఆమెనే చూస్తా కూర్చున్నాను. ముందురోజు ఆ కోటును, టైని కూడా అంత గొప్పగా చూడలేదు.

మామ ఇప్పుడు అంగట్లో కూర్చొని నన్ను మళ్లీ తిడతాండాడు. అట్లాంటి ఫోన్లు ఇప్పటికీ వస్తాయి, రెండో మాటకే కనిపెట్టి కట్ చేస్తాను. ఒక్కోసారి "తిన్నావా నాయనా?" అని అడగాలని నోటిదాకా వస్తుంది. ఎగతాళిగానైతే అడగగలను, ఆమె అడిగినట్లు అడగడం నాకింకా రాలేదు.