బారు గేటు దాటి

మా అన్న బతికున్నన్నాళ్ళూ తమిళనాడులో మా ఊరైన కోవిల్‌పట్టిలోని బార్లన్నిటినీ మా వదిన బయటినుంచే చూసింది. గేటు దగ్గర నిలబడి, లోపలికి పోయేవాళ్ళనెవరినో బతిమాలి ఆయన్ని పిలిపించేది. ఆయన పోయిన మరుసటి ఏడు, ఒకరోజు చీర మడతపెడుతూ ఉన్నట్టుండి అంది.

"పాపా, లోపల ఎట్లుంటాదో నేనూ చూడాల. కూకోని ఒక గ్లాసు తాగాల. మంచి చోటు చూడు."

నాకు ఒళ్ళు మండింది. వదిన మీద కాదు, ఇన్నేళ్ళూ ఆ మాట నాకు తట్టనందుకు. సరే, మధురై పోదామన్నాను. అక్కడ పెద్ద హోటళ్ళున్నాయి, మనల్నెవరూ గుర్తుపట్టరు.

"ఎవురికీ తెలియని ఊర్లో తాగేదానికి నేనేమన్నా దొంగనా? ఆయన ఈ పక్కనే గదా తాగినాడు. నేనూ ఈ పక్కనే తాగాల."

పట్టు పడితే వదిలే మనిషి కాదు. మొదట బస్టాండు దగ్గరి బారుకు వెళ్ళాం. అడుగుపెట్టామో లేదో ఒకాయన గబగబా లేచి, "ఎవరు కావాలమ్మా, పిలవనా?" అని తమిళంలో అడిగాడు. ఆడవాళ్ళు అక్కడికి వచ్చేది మగవాణ్ణి ఇంటికి తీసుకుపోవడానికే కదా మరి! రెండోచోట మేనేజరు నవ్వుతూ మమ్మల్ని మేడమీది ఫ్యామిలీ హాలుకు తోలి రోజ్‌మిల్క్ ఇప్పించాడు. వదిన ముట్టుకోలేదు. మూడోచోట మెనూ అట్టమీద కాక్‌టెయిళ్ళ పేర్లు బారెడు ఉన్నాయి గానీ ఆడవాళ్ళకు బాత్రూమ్ లేదు. ఇక ఎక్కడా దొరక్కపోతే నేనే ఒక బారు తెరుస్తానన్నంత కోపం వచ్చింది నాకు.

చివరికి అన్న అప్పుడప్పుడూ పోయే విరుదునగర్‌లో, బైపాస్ పక్క హోటల్లో దొరికింది. మధ్యాహ్నం పూట బస్సు దిగి వెళ్ళాం. వెలుతురున్న గది, శుభ్రంగా తుడిచిన బల్లలు. కౌంటరు దగ్గరి మనిషి తమిళంలో మర్యాదగా కూర్చోమన్నాడు. పుదీనా, నిమ్మరసం, సోడా కలిపిన రమ్ము చెప్పాను.

"పులుపు రవంత ఎక్కువ వెయ్యమను," అని వదిన నాతో మా ఇంటి తెలుగులో గొణిగింది.

అతను చటుక్కున తలెత్తాడు. "మీరు మనోళ్ళేనా? ఇంటిపేరేమిమా?"

ఈ పక్క తెలుగువాళ్ళలో ఇంటిపేరు బయటపడితే వరస బయటపడుతుంది, సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. ఏదో ఒక అబద్ధం చెప్పమని బల్లకింద వదిన కాలు తొక్కాను. ఆమె కాలు లాక్కుని, ఉన్న ఇంటిపేరే స్పష్టంగా చెప్పింది.

"అయ్యయ్యో! మా అమ్మ పుట్టింటోళ్ళు గదా! మీరు నాకు అత్త అయితారు." చేతిలోని సీసా కింద పెట్టేశాడు. "అత్తకు నేను మందు పోసేదా? వొద్దత్తా. జూస్ ఇస్తా."

పోట్లాడదామని లేచాను. వదిన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"మీ మామకు ఈ పక్క బార్లన్నిట్లో అడిగినంతా పోసిరి. ఇంట్లో పొయ్యి వెలిగిందా అని ఒక్కడన్నా అడిగినాడా? ఆయనకు పోసేటప్పుడు లేని వరస నాకు పోసేటప్పుడు యాడనుంచి వచ్చెరా?"

అతను తల వంచుకుని కలిపి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

వదిన హ్యాండ్‌బ్యాగులోంచి వేరుశనగ చిక్కీ తీసి ఒక ముక్క కొరికి, గ్లాసు ఎత్తింది. ఛీ అని ఉమ్మేస్తుందనుకున్నాను. ఉమ్మేస్తే బాగుండుననీ అనుకున్నాను. ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది.

"బాగుండాది," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంత బాగుండేదాన్ని అన్నేండ్లూ ఒక్కడే తాగినాడే పాపా! గేటు దగ్గర నిలబడినదాన్ని ఒక్కనాడన్నా, రా, కూకో అని పిలవకూడదా?"

ఆయన చెల్లెల్ని నేను. నా కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వదిన ఆ కుర్చీలోంచి లేవలేదు.